చేతికర్ర ఉండాలా, వద్దా?

బైబిలులోని సామెతల గ్రంథం 26వ అధ్యాయం నాలుగో వచనం: మూర్ఖుడికి వాడి మూర్ఖత్వం చొప్పున జవాబివ్వకు, ఇస్తే నువ్వూ వాడిలాంటివాడివే అవుతావు. ఐదో వచనం: మూర్ఖుడికి వాడి మూర్ఖత్వం చొప్పున జవాబివ్వు, ఇవ్వకపోతే వాడు తానే జ్ఞానిననుకుంటాడు. ఈ రెంటికీ మధ్య ఒక్క అక్షరం లేదు. రెండు వందల పేజీల ఎడం ఉంటే, ముందు రాసింది మర్చిపోయాడులే అనుకోవచ్చు. పై వాక్యం సిరా ఆరకముందే కింది వాక్యం రాసినవాడు మర్చిపోయాడంటే నమ్మేదెవరు?

యూదు పండితుల కంటికి ఇది ఆనకపోలేదు. మాటలు ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని సామెతల గ్రంథాన్ని మరుగున పెట్టేద్దామనుకున్నారని వాళ్ళ శాస్త్రచర్చల గ్రంథం తల్మూదులో ఉంది. తీరా పెట్టలేదు. ధర్మశాస్త్రం సంగతైతే జవాబివ్వాలి, లోకం గొడవలైతే ఊరుకోవాలి అని ఒక దారి చెప్పి, రెండు వచనాలనీ ఉన్నచోటే ఉంచారు. తెలుగువాళ్ళకు ఇదేమీ వింత కాదు. పొద్దున పొలం బేరం దగ్గర "ఆలస్యం అమృతం విషం" అన్న పెద్దమనిషే సాయంత్రం పెళ్ళి సంబంధం దగ్గర "నిదానమే ప్రధానం" అంటాడు. మాట మార్చావని ఆయనతో ఎవరూ తగువు పెట్టుకోరు.

సామెతకున్న ఈ వెసులుబాటు కథకి, లెక్కకి, ఆజ్ఞకి ఉండదు. అసలు పేచీ అక్కడే. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల గుడి, చర్చి, మసీదు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్ళు ఎన్నో. అరుగుల మీద మొహమాటానికి ఎత్తని వాదన ఇప్పుడు ఫోన్లలో నడుస్తోంది. "మీ గ్రంథంలో వంద వైరుధ్యాలు" అని వాట్సాప్‌లోకి ఒక లిస్టు వస్తుంది. తెల్లారేలోపు "వందకి వంద జవాబులు" అని ఒక పీడీఎఫ్ ఎదురొస్తుంది. తేడా ఉంది కాబట్టి గ్రంథం అబద్ధం అని ఒకరు, గ్రంథం నిజం కాబట్టి తేడానే లేదని ఇంకొకరు. ఆ తేడా ఎక్కడ పుట్టిందో, ఏం చెబుతోందో చూసే ఓపిక ఇద్దరికీ లేదు. తేడాని తొందరపడి సరిపెట్టేస్తే అది చెప్పబోయే సంగతి కూడా దాంతోపాటే పోతుంది.

కొన్ని తేడాలు ఉత్త చేతితప్పులు. యూదా రాజు అహజ్యా 22 ఏళ్ళప్పుడు గద్దెనెక్కాడని రెండవ రాజుల గ్రంథం చెబుతుంది. రెండవ దినవృత్తాంతాల హెబ్రీ మూలంలో 42 అని ఉంది. అదే గ్రంథంలో దానికి ముందు అధ్యాయం చూస్తే, అతని తండ్రి యెహోరాము 32వ ఏట రాజై, ఎనిమిదేళ్ళు ఏలి పోయాడు. అంటే 40 ఏళ్ళకు పోయిన తండ్రి తర్వాత 42 ఏళ్ళ కొడుకు. పైగా ఆ కొడుకు ఇంట్లో కడగొట్టువాడట! ఆత్మీయ అర్థం వెతకాల్సిన చోటు కాదిది. ఏదో ఒక తరంలో నకలు రాసేవాడి కలం జారింది. కొన్ని గ్రీకు ప్రతుల్లో 20, సిరియా భాష ప్రతుల్లో 22 కనిపిస్తాయి. ఆధార్ కార్డులో వయసు తప్పు పడితే దిద్దించుకోవడానికి పోతాం గానీ, అసలు ఆ మనిషే లేడని ఎవరూ అనరు. ఇక్కడ ముచ్చటైన సంగతి ఇంకోటుంది. ఆ తర్వాత వందల ఏళ్ళు ఆ ప్రతిని రాసిన హెబ్రీ లేఖకులకు కూడికలు రాక 42ని అలాగే ఉంచలేదు. తమ చేతికి వచ్చిన అక్షరాన్ని ముట్టుకోకూడదని వాళ్ళ కట్టుబాటు. ఎక్కడైనా వేరేగా చదవాలనిపిస్తే లోపలి మాటను అలాగే ఉంచి, చదవాల్సిన మాటను అంచున రాసేవాళ్ళు.

చేతికర్ర సంగతి ఇంత తేలిగ్గా తెమలదు. యేసు పన్నెండుమంది శిష్యులను ఊళ్ళ మీదికి పంపుతూ, చేతికర్ర తప్ప ఇంకేమీ తీసుకెళ్ళొద్దన్నాడని తన సువార్తలో మార్కు రాశాడు. చేతికర్ర కూడా వద్దన్నాడని తమ సువార్తల్లో మత్తయి, లూకా రాశారు. చెప్పులు తొడుక్కోమన్నాడని మార్కు, చెప్పులు వద్దన్నాడని మత్తయి. మత్తయి వాడిన క్రియకి "సంపాదించుకోవడం" అనే అర్థం ఉంది కాబట్టి కొత్త కర్ర కొనుక్కోవద్దని భావం, చేతిలో ఉన్నది ఉంచుకోవచ్చు అని ఒక సమాధానం చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ లూకా వాడింది మార్కు వాడిన క్రియే, "తీసుకెళ్ళడం". మత్తయి దగ్గర అతికిన అతుకు లూకా దగ్గర ఊడిపోతుంది. ప్రకాశం జిల్లా పడమటి ఊళ్ళల్లో గొర్రెలు తోలేవాణ్ణి కర్ర లేకుండా పొలిమేర దాటమంటే ఎంత మాటో ఊహించుకుంటే, ఈ ఆజ్ఞ బరువు తెలుస్తుంది. కుక్కకి, పాముకి, రాళ్ళ దారికి అదొక్కటే దిక్కు. బరువేమీ మోసుకోకుండా, ఎదుటివాడి అన్నం మీద ఆధారపడి వెళ్ళండి అన్న మాట ముగ్గురి దగ్గరా చెక్కుచెదరలేదు. ఆ వదులుకోవడం ఎంతవరకూ అన్న దగ్గర ఒక్కో సంఘం ఒక్కో గీత గుర్తుపెట్టుకుంది. నోటి నుంచి నోటికి వచ్చిన మాట పుస్తకంలోకి ఎక్కిందనడానికి ఇంతకన్నా మంచి ఆనవాలు దొరకదు.

మరికొన్ని చోట్ల చిక్కు భాషది. తర్వాత పౌలుగా పేరుపడిన సౌలుకు దమస్కు దారిలో వెలుగు కనపడి, యేసు స్వరం వినపడినప్పుడు, వెంట ఉన్నవాళ్ళు స్వరం విన్నారని అపొస్తలుల కార్యాలు 9వ అధ్యాయం, వినలేదని అదే గ్రంథం 22వ అధ్యాయం. మనం కూడా ఒక క్రియతో రెండు పనులు చేస్తాం. "కేకేస్తే వినపడలేదా?" అన్నప్పుడు చెవి సంగతి, "మావాడు మాట వినడు" అన్నప్పుడు బుద్ధి సంగతి. గ్రీకులోనూ వినడానికి అంత వెడల్పు ఉంది. రెండుచోట్లా విభక్తులు కూడా వేరు. మొదటిచోట చప్పుడు చెవిన పడిందని, రెండోచోట మాట అర్థం కాలేదని కొందరు వ్యాకర్తలు అన్నారు. కార్యాలు కూడా రాసిన లూకా ఆ విభక్తి భేదాన్ని అన్నిచోట్లా పాటించలేదు కదా అని ఇంకొందరు అడ్డం కొట్టారు. ఈ సర్దుబాటుకి కొంత బలం ఉంది, పూర్తి బలం లేదు. అలా సగం బలం ఉన్నదాన్ని సగమనే చెప్పాలి. పీడీఎఫ్‌లలో కరువైంది ఆ నిజాయితీయే.

ఇక దావీదు జనాభా లెక్కల కథ. రాజు దావీదు జనాన్ని లెక్కపెట్టించాడు, దానికి శిక్షగా దేశం మీద తెగులు, అంటే మహమ్మారి, పడింది. పంట నూర్చి తూర్పారబట్టే కళ్ళం గురించి ఈ జిల్లాల్లో వేరే చెప్పక్కర్లేదు. గాలి తగిలే మిట్ట, పేడతో అలికిన నేల, పక్కన గడ్డివామి. దావీదు తెగులు ఆగడానికి బలిపీఠం కట్టింది అలాంటి కళ్ళం మీద, యెబూసీయ జాతివాడొకడి దగ్గర కొని. ఎంతకి కొన్నాడు? రెండవ సమూయేలు ప్రకారం కళ్ళం, ఎడ్లు కలిపి 50 తులాల వెండి. మొదటి దినవృత్తాంతాల ప్రకారం 600 తులాల బంగారం. బైబిలు తులం సుమారు 11 గ్రాములు అనుకుంటే, ఒకచోట అరకిలో పైచిలుకు వెండి, ఇంకోచోట ఆరున్నర కిలోలు దాటిన బంగారం. అమ్మినవాడి పేరు కూడా ఒకచోట అరౌనా, ఇంకోచోట ఒర్నాను. అసలు లెక్కలూ కలవవు. సమూయేలులో ఇశ్రాయేలు యోధులు 8 లక్షలు, యూదావాళ్ళు 5 లక్షలు. దినవృత్తాంతాల్లో 11 లక్షలు, 4 లక్షల 70 వేలు. అన్నిటికన్నా పెద్దది, లెక్క తీయమని దావీదును ప్రేరేపించింది ఎవరు? ఒకచోట యెహోవా, ఒకచోట సాతాను.

ధర గురించి పాతకాలం నుంచీ ఒక లెక్క చెబుతున్నారు. గోత్రానికి 50 చొప్పున పన్నెండు గోత్రాల నుంచి వసూలు చేస్తే 600 అని రబ్బీలు. వెండి ఇచ్చింది కళ్ళానికి, బంగారం ఇచ్చింది చుట్టూ ఉన్న స్థలం మొత్తానికి అని తర్వాతివాళ్ళు. రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లెక్కినవాళ్ళకు రెండో సమాధానం కాస్త నచ్చుతుంది, ఒకే ఆస్తికి రెండు రేట్లు మామూలే కాబట్టి. అయినా ఈ రెండు సమాధానాలూ ఒక సంగతిని మరుగున పడేస్తాయి. దినవృత్తాంతాలు బబులోను చెర తర్వాత, అంటే యూదులను బబులోనుకు బందీలుగా పట్టుకెళ్ళిన కాలం దాటాక, రాసిన గ్రంథం. సొలొమోను మందిరం లేచింది ఆ కళ్ళం మీదేనని చెప్పేది ఆ గ్రంథమే. సమూయేలు గ్రంథం ఆ ఊసెత్తదు. సమూయేలుకి అది తెగులు ఆగిన కళ్ళం. దినవృత్తాంతాలకు అది జాతి మొత్తం మందిరం కట్టుకున్న చోటు, కూలిపోయి మళ్ళీ కట్టుకున్న చోటు. అరకిలో వెండికి వచ్చే స్థలమా అది?

సాతాను దగ్గరా అంతే. దేవుడు అనుమతించాడు, సాతాను చేశాడు అని ఒక్క ముక్కలో కలిపేయొచ్చు, యోబు గ్రంథం ఆ మాటకు ఆసరా ఇస్తుంది కూడా. కానీ కలిపినప్పుడు పోయేది ఇది. మేలైనా కీడైనా దేవుని చేతి నుంచే వస్తుందని జంకు లేకుండా రాసిన పాత రచయిత ఒకడు. చెడు ప్రేరణను దేవునికి అంటగట్టడానికి కలం ఆడని తర్వాతి రచయిత ఇంకొకడు. రెండో ఆయన చేతిలో మొదటి ఆయన కథ ఉంది. తెలిసే మార్చాడు. ఆ మార్పు చూస్తే, ఒక జాతి తన దేవుణ్ణి అర్థం చేసుకోవడం కొన్ని వందల ఏళ్ళలో ఎటు నడిచిందో కనిపిస్తుంది. ఇంకా గొప్ప సంగతి, రెండు గ్రంథాలనీ ఒకే సంపుటిలో ఉంచినవాళ్ళకు ఇది ఇబ్బంది అనిపించకపోవడం.

యేసును పట్టించిన శిష్యుడు యూదా ఇస్కరియోతు చావు దగ్గర మాత్రం సర్దుబాటు కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. ఉరేసుకున్నాడని మత్తయి. తలకిందులుగా పడి, నడుం బద్దలై పేగులు బయటికొచ్చాయని అపొస్తలుల కార్యాలు. ఉరేసుకున్నాడు, తాడు తెగింది, పడ్డాడు అని కలిపి చెబుతారు. తాడు తెగిన సంగతి మత్తయిలో లేదు, కార్యాల్లోనూ లేదు. రెండు కథలని కలపడానికి మూడో కథ పుట్టించాల్సి వచ్చింది. పైగా ఆ ద్రోహపు సొమ్ముతో పొలం కొన్నది యాజకులా, యూదానా? రక్తపు పొలమని పేరొచ్చింది యేసు రక్తం తాలూకు సొమ్ముతో కొన్నందుకా, యూదా చచ్చిన తీరుకా? వాటికి తాడు అందదు. రెండో శతాబ్దంలో పపియాస్ అనే బిషపు ఇంకో కథ చెప్పాడు, ఒళ్ళు ఉబ్బిపోయి బండి పట్టే దారిలో కూడా యూదా పట్టలేదని. ద్రోహి చావు గురించి ఊరు ఎన్ని రకాలుగా చెప్పుకుంటుందో ఇందులో కనిపిస్తుంది. అంతకుమించి లాగితే తెగేది ఆ తాడే.

ఈ ఇబ్బందులన్నీ ఒక్క దెబ్బతో తీర్చేసినవాడు లేకపోలేదు. రెండో శతాబ్దంలో తతియాన్ అనే ఆయన నాలుగు సువార్తలనీ కలిపి ఒకే కథగా అల్లాడు. దాని పేరు దియాతెస్సరోన్. సిరియా సంఘాల్లో తరాల తరబడి అదే చదివారు. అయిదో శతాబ్దంలో థియొడొరెత్ అనే బిషపు తన పరిధిలోని చర్చిల్లో ఆ పుస్తకం ప్రతులు రెండు వందలకు పైగా కనబడితే, అవన్నీ తీయించి వాటి చోట నాలుగు సువార్తలూ పెట్టించాడు. కలవని నాలుగా, కలిపిన ఒకటా అన్న ప్రశ్న సంఘం ముందు నిజంగానే నిలబడింది. సంఘం కలవని నాలుగింటినే ఎంచుకుంది.

ఈ తంటా ఒక్క బైబిలుది కాదు. పెన్న ఒడ్డున 13వ శతాబ్దంలో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన, మహాభారతంలో విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. అందులో ఆనుశాసనిక పర్వం ఉంది. సంస్కృత మూలంలో శివ సహస్రనామం ఆ పర్వంలోదే, విష్ణు సహస్రనామమూ ఆ పర్వంలోదే. శివుడి గొప్పతనం ధర్మరాజుకి చెబుతున్నది ఎవరో కాదు, కృష్ణుడు. ఆ కృష్ణుణ్ణే విష్ణువుగా వెయ్యి పేర్లతో కొలిచేది భీష్ముడు. పరమాత్మ ఎవరన్న ప్రశ్నకి ఒకే పర్వంలో రెండు జవాబులు. బయట శైవానికీ వైష్ణవానికీ పడని కాలమది. తిక్కన ఒకదాన్ని పెంచి ఒకదాన్ని తగ్గించే పని పెట్టుకోలేదు. "విష్ణురూపాయ నమశ్శివాయ" అని కొలిచే హరిహరనాథుడికి భారతం అంకితమిచ్చాడు. ఇద్దర్నీ కలిపి మూడోవాణ్ణి చేశాడు కదా, ఇదీ దియాతెస్సరోన్ లాంటిదే కదా అని అడగొచ్చు. కాదు. తతియాన్ పాఠాలను కలిపాడు, తిక్కన పాఠాల జోలికి పోకుండా తాను మొక్కే దేవుడి దగ్గర కలుపుకున్నాడు.

తిక్కన యజ్ఞం చేసిన సోమయాజి కాబట్టి వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసకుల తలనొప్పి కూడా ఆయనకు కొత్త కాదు. అతిరాత్రం అనే సోమయాగంలో షోడశి అనే సోమపాత్ర పట్టాలని ఒక వేదవాక్యం, పట్టకూడదని ఇంకో వేదవాక్యం. రెండూ శ్రుతే, అంటే వేదమే. ధర్మశాస్త్రాల్లాంటి స్మృతి శ్రుతిని ఎదిరిస్తే స్మృతిని పక్కన పెట్టమని మీమాంస సూత్రాలు రాసిన జైమిని సూత్రం ఉంది గానీ, శ్రుతికీ శ్రుతికీ తగువొస్తే తీర్పు ఎవరిది? అప్పుడు వికల్పం, అంటే ఏదైనా చేయొచ్చు. వడ్లతో యాగం చేయమని ఒక వాక్యం, యవలతో చేయమని ఒక వాక్యం ఉన్నచోటా అంతే. మొలగొలుకులు పండే నెల్లూరులో ఏది ఎంచుకుంటారో చెప్పక్కర్లేదు. అయితే వికల్పం అంటే మీమాంసకులకు ఎంత చిరాకో! దానికి ఎనిమిది దోషాలు లెక్కపెట్టారు. ఈసారి వడ్లు తీసుకుంటే యవల వాక్యానికి ఉన్న ప్రామాణ్యాన్ని వదులుకున్నట్టు, లేని అప్రామాణ్యాన్ని ఒప్పుకున్నట్టు. మళ్ళీసారి యవలు తీసుకుంటే వదిలినదాన్ని పట్టుకున్నట్టు, ఒప్పుకున్నదాన్ని విడిచినట్టు. ఇవి నాలుగు. ఇవే నాలుగు వడ్ల వైపు నుంచి. అందుకే వేరే ఏ దారీ లేనప్పుడే వికల్పం. "ఏదైనా ఒకటేలే" అని చేతులు దులుపుకోవడం అంత చవగ్గా దొరికేది కాదు వాళ్ళ దగ్గర.

ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు ఈ చిక్కుని కాలంతో విప్పారు. మద్యం గురించి ముఖ్యంగా మూడు ఆయతులు, అంటే వచనాలు, ఉన్నాయి. అందులో కొంత లాభమూ ఉంది గానీ పాపం ఎక్కువని ఒకటి. మత్తులో నమాజు దగ్గరకు రావద్దని ఒకటి. అది సైతాను పని, పూర్తిగా మానేయమని ఇంకొకటి. రెండోదాన్ని విడిగా చదివితే మిగతా వేళల్లో తాగొచ్చనిపిస్తుంది. దూబగుంట ఆడవాళ్ళ సారా ఉద్యమం చూసిన నెల్లూరు జిల్లాకు ఇది అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. ఆ జీవోల మీద తేదీలు చెరిపేసి పక్కపక్కన పెడితే ప్రభుత్వానికి మతి పోయిందనిపిస్తుంది. వెనకటి ఆజ్ఞను తర్వాతి ఆజ్ఞ రద్దు చేయడాన్ని నస్ఖ్ అంటారు. చిక్కేమిటంటే సూరాల, అంటే అధ్యాయాల, వరుస కాలక్రమం కాదు, తేదీ వేరే ఆధారాల నుంచి రావాలి. అందుకే ఎన్ని ఆయతులు రద్దయ్యాయన్న దగ్గర లెక్కలు కలవవు. పాతవాళ్ళలో కొందరు వందల్లో చెప్పారు. సుయూతీ అనే పండితుడు ఇరవై దాకా తెచ్చాడు. 18వ శతాబ్దంలో ఢిల్లీ పండితుడు షా వలీయుల్లా అయిదు దగ్గర ఆగాడు. రద్దు అన్నది చేతిలో తేలికైన కత్తి. దాన్ని ఎంత తక్కువ వాడితే అంత మంచిదని ఆ తగ్గుతున్న అంకెలే చెబుతున్నాయి.

వైరుధ్యం పట్టుకున్న మొదటి పాఠకుడు గ్రంథం లోపలే ఉండడం గీత ప్రత్యేకత. కర్మకన్నా జ్ఞానం గొప్పదంటూ మళ్ళీ ఈ ఘోరకర్మలోకి ఎందుకు తోస్తున్నావని మూడో అధ్యాయంలో అర్జునుడు నిలదీస్తాడు. కలగాపులగపు మాటలతో నా బుద్ధిని తికమక పెడుతున్నట్టున్నావు, ఏదో ఒకటి తేల్చి చెప్పమంటాడు. "ఇవ" అన్న మాట ఆ వాక్యంలో రెండుసార్లు వస్తుంది, "అన్నట్టు" అని. కలగాపులగం అనలేదు, కలగాపులగం అన్నట్టు అన్నాడు. తగువుకీ సందేహానికీ మధ్య ఉన్న ఎడం ఆ రెండక్షరాలే. జవాబు విన్నాడు కదా, ఊరుకున్నాడా? అయిదో అధ్యాయం మొదట్లో మళ్ళీ అదే ప్రశ్న.

ఇవన్నీ పుస్తకంలో తగువులు. బతుకులోకి దిగినది ఒకటుంది, ఒంగోలు వైపు ఇప్పటికీ నలుగుతున్నది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం ఇవ్వమని మత్తయి 28వ అధ్యాయంలో యేసు ఆజ్ఞ. యేసుక్రీస్తు నామంలో బాప్తిస్మం పొందమని కార్యాలు రెండో అధ్యాయంలో పేతురు మాట. పేతురు చెప్పింది ఎవరి అధికారంతో అన్నది, మంత్రంలా పలకాల్సిన మాటలు కావు అని ఎక్కువ సంఘాలు సరిపెట్టుకుంటాయి. అపొస్తలులు చేసిందే పద్ధతి అని కొన్ని సంఘాలు పట్టుబడతాయి. ఆ సంఘంలో చేరితే వెనకటి బాప్తిస్మం చెల్లదు, మళ్ళీ నీళ్ళలో దిగాల్సిందే. అన్న ఒక నామంలో, తమ్ముడు ఒక నామంలో మునిగి, ఒకరి ప్రార్థనకి ఒకరు పోని ఇళ్ళున్నాయి.

1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. కరువు పనుల కాలంలో తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని మిషనరీ జాన్ క్లౌ అంతకుముందు ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అందుకే ఆ రోజు అంత జనం. ఆరుగురు బోధకులు, ఇద్దరి చొప్పున వంతులు మారుతూ నీళ్ళలో నిలబడ్డారు. దిగినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు, చాలామందికి అక్షరం ముక్క రాదు. వాళ్ళు వాక్యం విన్నారు. ఒక ఆదివారం మత్తయి, ఇంకో ఆదివారం కార్యాలు, మధ్యలో వారం రోజుల కూలిపని. పురాణ కాలక్షేపంలో ఒక రాత్రి శివుడి కథ, ఇంకో రాత్రి విష్ణువు కథ విన్న పక్క వీధివాళ్ళలాగే. మత్తయి పేజీలో ఒక వేలు, కార్యాల పేజీలో ఒక వేలు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసే అలవాటు, ఆ నీళ్ళలో దిగినవాళ్ళ మనవళ్ళు బడికెళ్ళి రిఫరెన్సు బైబిలు చేతపట్టాక వచ్చింది.